ఒకే ఇంట్లో ఇద్దరికి కామెర్లు: మేనమామ నుంచి బిడ్డకు సోకిందా?

ప్రశ్న: మా వారికి 38 ఏళ్లు. పది రోజుల కిందట జ్వరం, వాంతులు వచ్చాయి. జ్వరం తగ్గాక కళ్లు పచ్చబడ్డాయి. రక్తపరీక్షలో బిలిరుబిన్ 8.4, ఎస్‌జీపీటీ 1,620 ఉన్నాయి. పక్క ఊళ్లో పసరు పోయిద్దామని మా అత్తగారు అంటున్నారు. అప్పటిదాకా ఉప్పు, నూనె, పసుపు లేకుండా చప్పిడి పథ్యం పెడుతున్నాం. మా ఆడపడుచు కూడా పురిటికి వచ్చి ఇక్కడే ఉంది. బాబు పుట్టి ఇవాళ్టికి ఐదు రోజులు. మూడో రోజు నుంచి ముఖం, ఛాతీ పచ్చగా ఉన్నాయి. పొద్దున్నే ఎండలో పడుకోబెడుతున్నాం. వాడికి మేనమామ నుంచే సోకిందా? తల్లి పాలు ఆపేయాలా?
ఒక సోదరి, ఖమ్మం జిల్లా

సమాధానం: సోకలేదమ్మా. పాలు ఆపకండి. అయితే మీ వారి పసరు సంగతి తర్వాత చూద్దాం, ముందు బాబును ఇవాళే పిల్లల డాక్టరుకు చూపించండి. మీ వారి పరీక్ష ఒకటైనా జరిగింది, బాబుకు ఇంకా ఏమీ జరగలేదు. పైగా పెద్దవాళ్ల కామెర్లలో మార్పు రోజుల్లో తెలుస్తుంది, పసిబిడ్డకు గంటల్లో ముదరవచ్చు.

ఎందుకు సోకలేదంటే, మీ వారికి ఉన్నది చాలావరకు నీటి ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ లేదా ఇ వైరస్ అయి ఉంటుంది. ఆ వైరస్ ఒంట్లోకి వెళ్లాక కళ్లు పచ్చబడటానికి కనీసం రెండు వారాలు, ఎక్కువగా నాలుగైదు వారాలు పడుతుంది. బాబు వయసే ఐదు రోజులు. వాడి పసుపుకు కారణం వేరు. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు ఎర్రరక్త కణాలు ఎక్కువగా ఉంటాయి. పుట్టాక అవి త్వరత్వరగా విరిగి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం తయారవుతుంది. దాన్ని మార్చి బయటికి పంపే కాలేయపు ఎంజైమ్ ఇంకా పూర్తిగా పని మొదలుపెట్టి ఉండదు. అందుకే నెలలు నిండి పుట్టిన బిడ్డల్లో కూడా సగానికి పైగా రెండు మూడు రోజులకు పచ్చబడతారు. మూడు నుంచి ఐదో రోజుకు ఇది బాగా పెరిగి, రెండు వారాల్లోపు తగ్గిపోతుంది. నెల తక్కువ బిడ్డల్లో మూడు వారాలు పట్టవచ్చు.

మామూలు కామెర్లే అయితే పరీక్ష ఎందుకని మీ అత్తగారు అడగవచ్చు. ఏ బిడ్డలో అది మామూలుగా ఆగిపోతుందో, ఏ బిడ్డలో పెరుగుతూ పోతుందో చూపుతో చెప్పలేం కాబట్టి. పసుపు ముఖం నుంచి కిందికి దిగుతుంది. ముఖం వరకే ఉంటే రక్తంలో బిలిరుబిన్ డెసీలీటరుకు 5 మిల్లీగ్రాముల దగ్గర, బొడ్డు దాకా వస్తే 10 దగ్గర, అరిచేతులు, అరికాళ్లు పచ్చబడితే 15 దాటి ఉంటుందని పాత లెక్క. చామనఛాయ బిడ్డల్లో ఈ అంచనా బాగా తప్పుతుంది. ట్యూబ్‌లైటు కింద చూడకండి. పగటి వెలుతురులో కిటికీ దగ్గర ముక్కు కొన, ఛాతీ, మోకాలి కింది ఎముక మీద వేలితో ఒక క్షణం నొక్కి వదలండి. రక్తం పక్కకు జరిగిన ఆ చోట చర్మం అసలు రంగు కనిపిస్తుంది. చిగుళ్లు కూడా చూడండి. ఇంత చేసినా అది వెంటనే ఆసుపత్రికి వెళ్లాలా అన్నది తేల్చుకోవడానికే పనికొస్తుంది. భయం లేదని తేల్చడానికి పనికిరాదు.

రిపోర్టు వచ్చాక కూడా అంకెను ఒంటరిగా చూడకూడదు. పుట్టిన గంటలతో కలిపి చూడాలి. నెలలు నిండి, వేరే ఇబ్బందులేమీ లేని బిడ్డకు 24 గంటలప్పుడు 12 వస్తే నీలి లైటు కింద పెట్టి వైద్యం చేయాల్సిన హద్దుకు చేరినట్టే. అదే 12 ఐదో రోజున వస్తే ఇంటికి పంపించి, మళ్లీ చూపించమంటారు. నాలుగో రోజు దాటాక ఆ హద్దు సుమారు 20. నెల తక్కువ బిడ్డలకు, రక్తం గ్రూపు తేడా ఉన్నవాళ్లకు, జబ్బుగా ఉన్న పిల్లలకు హద్దు ఇంకా కిందే ఉంటుంది. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడితే అది ఎప్పుడూ మామూలు కామెర్లు కాదు. 25 దాటి పోతే బిలిరుబిన్ మెదడులోకి చేరే ప్రమాదం ఎక్కువ. ఆ నష్టం జరిగితే చెవుడు, కండరాల మీద అదుపు లేకపోవడం జీవితాంతం ఉండిపోతాయి. బిడ్డ పాలకు లేవకుండా మత్తుగా పడుకోవడం, ఒళ్లు పట్టు లేకుండా వేలాడిపోవడం, కీచుగా ఏడవడం, వీపు వెనక్కి విల్లులా వంచడం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా బయలుదేరాల్సిందే.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం పట్టుకెళ్లండి. పుట్టినప్పటి బరువు, ఎన్నో వారంలో పుట్టాడు, తల్లీబిడ్డల రక్తం గ్రూపులు అందులో ఉంటాయి. తల్లి ఓ గ్రూపు, బిడ్డ ఎ లేదా బి అయితే కణాలు వేగంగా విరిగే అవకాశం ఉంది. తల్లి నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయితే అది ఇంకా పెద్ద విషయం. పాజిటివ్ రక్తాన్ని విరిచే యాంటీబాడీలు తల్లి ఒంట్లో తయారవకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ కాన్పయిన 72 గంటల్లోపు ఆమెకు పడి ఉండాలి. పడలేదని ఇప్పుడు తెలిసినా అడగండి, ఆలస్యంగా ఇచ్చినా కొంత మేలు ఉంటుంది. ఇది ఈ బాబు కోసం కాదు, మీ ఆడపడుచుకు పుట్టబోయే తర్వాతి బిడ్డ కోసం.

ఇక ఎండ. ఇది ఉత్త మూఢనమ్మకం కాదు. 1950లలో ఇంగ్లండ్‌లోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో జీన్ వార్డ్ అనే సిస్టర్ పసిపిల్లలను ఎండలోకి తీసుకెళ్లేవారు. ఎండ తగిలిన చోట పసుపు తగ్గి, బట్ట కప్పిన చోట అలాగే ఉండటం ఆమె గమనించారు. దాంతో అక్కడి డాక్టర్లు నీలి కాంతితో దీపం తయారుచేసి 1958లో ఫలితాలు ప్రచురించారు. ఈనాటి ఫొటోథెరపీ అలా పుట్టింది. పనిచేసేది 460 నుంచి 490 నానోమీటర్ల నీలి కాంతి. అది చర్మంలోని బిలిరుబిన్ రూపాన్ని మార్చి, కాలేయం మీద భారం పడకుండా పైత్యంలోకీ మూత్రంలోకీ పోయేలా చేస్తుంది. ఎండలో ఆ కాంతి ఉన్నా ఎంత పడుతుందో లెక్క ఉండదు. ఒళ్లంతా విప్పి గంటల తరబడి ఉంచితేగానీ ఫలితం రాదు, అలా ఉంచితే చర్మం కందుతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది, చలికాలం పొద్దున అయితే బిడ్డ చల్లబడిపోతాడు. ఎండతో వచ్చే అసలు నష్టం వేరే ఉంది. ‘ఎండలో పెడుతున్నాంగా’ అనే ధైర్యంతో పరీక్ష రెండు రోజులు వెనక్కి పోతుంది.

లైటు కింద పెట్టమంటే కంగారు పడొద్దు. కళ్లకు గంతలు కట్టి, డైపర్ మాత్రం ఉంచి, మిగతా ఒళ్లంతా వెలుతురు పడేలా పడుకోబెడతారు. రెండు మూడు గంటలకోసారి తీసి పాలిస్తారు. బిడ్డ మీద దుప్పటి కప్పితే ఆ మేరకు వైద్యం ఆగినట్టే. విరేచనాలు కాస్త పలచగా, ఆకుపచ్చగా అవుతాయి. అది బిలిరుబిన్ పోవడమే. ఎక్కువమందికి ఒకటి రెండు రోజులు చాలు. లైటు తీశాక అంకె మళ్లీ పెరగవచ్చు కాబట్టి, ముఖ్యంగా గ్రూపు తేడా ఉన్న బిడ్డకు, మర్నాడు ఇంకోసారి పరీక్ష అడగండి. జిల్లా ఆసుపత్రుల్లోని నవజాత శిశు కేంద్రాల్లో, అంటే ఎస్‌ఎన్‌సీయూల్లో, ఈ వైద్యం ఉచితం.

పాల సంగతి. బిలిరుబిన్ ముఖ్యంగా విరేచనంలోనే పోతుంది. పాలు సరిగా అందకపోతే పేగుల్లోనే నిలిచి తిరిగి రక్తంలోకి వస్తుంది. రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టాలి. పచ్చబడిన బిడ్డ మత్తుగా ఉంటాడు, ఏడ్చినప్పుడు ఇద్దామని చూస్తే ఏడవడు. మూడు గంటలు దాటితే పొత్తిగుడ్డ విప్పి, అరికాలు నిమిరి లేపి పట్టండి. ఐదో రోజుకు కనీసం ఆరు సార్లు మూత్రం, నల్లటి విరేచనం పోయి పసుపు విరేచనం రావాలి. పుట్టిన బరువులో పదో వంతు తగ్గితే పాలు చాలడం లేదని అర్థం. చక్కెర నీళ్లు, తేనె, వస, ఆముదం, గ్రైప్ వాటర్ ఏవీ వద్దు. ఆముదం పోస్తే కామెర్లు జారిపోతాయనుకుంటారు గానీ జారిపోయేది బిడ్డ ఒంట్లో నీరు. బాలింతకు మంచినీళ్లు తగ్గించే అలవాటు మీ ఇంట్లో ఉంటే అదీ మానండి. ఆమె కూరలో పసుపు తింటే బిడ్డ పచ్చబడడు.

పాత పెట్టెలోంచి మెత్తటి బట్టలు తీసి బిడ్డకు వేస్తుంటారు. వాటిలో నాఫ్తలీన్ గోళీలు, మనవాళ్లు కలరా ఉండలంటారే, అవి ఉండి ఉంటే ఆ బట్టలు వాడకండి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన బిడ్డల్లో ఆ వాసనకే ఎర్రకణాలు ఒక్కసారిగా విరుగుతాయి.

పదిహేనో రోజుకు కూడా పసుపు పోకపోతే తల్లిపాల కామెర్లేలే అని ఊరుకోవద్దు. అలాంటివి నిజంగానే ఉన్నాయి, రెండు మూడు నెలలు ఉండి హాని చేయకుండా పోతాయి, పాలు ఆపక్కర్లేదు. కానీ ఆ మాట అనేముందు డైరెక్ట్ బిలిరుబిన్, అంటే కాలేయం అప్పటికే మార్చిన బిలిరుబిన్, పరీక్ష జరగాలి. అది 1 దాటితే పైత్యనాళాలు మూసుకుపోయి ఉండవచ్చు. ఇంట్లో దీనికి గుర్తు పొత్తిగుడ్డే. పసిబిడ్డ మూత్రం గుడ్డ మీద రంగు వదలకూడదు. పసుపు మరక అంటుకుంటున్నా, విరేచనం సుద్దలా, తెల్లటి పిండి ముద్దలా ఉన్నా ఆ గుడ్డనే డాక్టరుకు చూపించండి, ఫొటో అయినా తీయండి. పైత్యనాళాలు మూసుకుపోయిన బిడ్డకు, పైత్యం పేగులోకి పోయేలా దారి చేసే కసాయ్ ఆపరేషన్ 60 రోజుల్లోపు చేస్తేనే ఫలితం బాగుంటుంది. బిడ్డ బొద్దుగా, హుషారుగానే ఉంటాడు కాబట్టి ఈ జబ్బును రెండు నెలలు దాటించేస్తుంటారు.

ఇప్పుడు మీ వారి విషయం. కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్ ఎస్‌జీపీటీ. అది వెయ్యి దాటడం, జ్వరం తగ్గి కళ్లు పచ్చబడటం వైరల్ హెపటైటిస్ తీరే. పచ్చబడ్డాక కూడా జ్వరం కొనసాగితే లెక్క మారుతుంది. అప్పుడు మలేరియా, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్, పైత్యనాళంలో ఇన్‌ఫెక్షన్ చూడాలి. పొలం నీళ్లలో దిగే మనిషయి, పిక్కలు నొప్పులు, కళ్లు ఎర్రబడటం, మూత్రం తగ్గడం ఉంటే అది డాక్టరుకు చెప్పండి. ఇప్పుడు చేయించాల్సినవి: హెపటైటిస్ ఎ, ఇ లకు ఐజీఎమ్ పరీక్షలు, బికి హెచ్‌బీఎస్‌ఏజీ, సికి యాంటీ హెచ్‌సీవీ, పీటీ-ఐఎన్ఆర్, కడుపు స్కానింగ్. పీటీ-ఐఎన్ఆర్‌ను మాత్రం వదలొద్దు. రక్తం గడ్డకట్టే పదార్థాలను కాలేయమే తయారుచేస్తుంది కాబట్టి అది ఎంతవరకు పనిచేస్తోందో ఈ అంకె చెబుతుంది. బిలిరుబిన్ 8 ఉన్నా 18 ఉన్నా ఐఎన్ఆర్ సరిగా ఉండి మనిషి తెలివిగా ఉంటే సాధారణంగా కోలుకుంటాడు. ఐఎన్ఆర్ 1.5 దాటి, మాటలో తేడా వస్తే బిలిరుబిన్ ఎంతన్నది పక్కన పెట్టి పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఎస్‌జీపీటీ 1,620 నుంచి 300కి దిగిందని సంబరపడే ముందు మిగతా రెండూ చూడండి. బిలిరుబిన్, ఐఎన్ఆర్ కూడా దిగుతుంటే కోలుకుంటున్నట్టు. అవి పెరుగుతూ ఎస్‌జీపీటీ ఒక్కటే పడిపోతే, కాలేయంలో దెబ్బతినడానికి కణాలే మిగలడం లేదని అర్థం. పగలు నిద్ర, రాత్రి మెలకువ, పొంతన లేని మాటలు, చేతులు ముందుకు చాపితే రెక్కల్లా వణకడం, చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం, నీళ్లు కూడా ఇమడని వాంతులు, ఇవి ప్రమాద సూచనలు. నిద్ర పట్టడం లేదని నిద్రమాత్ర వేస్తే ఈ మొదటి గుర్తులే కప్పుకుపోతాయి.

ఎ, ఇ వైరస్‌లకు చాలామందికి మందు అక్కర్లేదు. శరీరమే వాటిని తుడిచేస్తుంది. ఎక్కువమంది నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో కోలుకుంటారు. పసరు మందుకు పేరు వచ్చింది ఇక్కడే. మూడు వారాల పాటు పోయించుకుంటే మూడు వారాలకు తగ్గుతుంది, పోయించుకోకపోయినా తగ్గేది. చేతులు సున్నపు నీళ్లలో కడిగిస్తే పసుపు దిగుతుంది, అది కామెర్లు దిగడం కాదు. ముందే చేతికి రాసిన మామిడి బెరడు రసం సున్నంతో కలిస్తే వచ్చే రంగు అది. ఇప్పటికే వాచి ఉన్న కాలేయానికి ఏ ఆకో, ఎంతో తెలియని పసరు అదనపు భారం. కొన్ని మొక్కలు నేరుగా కాలేయాన్ని దెబ్బతీస్తాయి. కరోనా కాలంలో తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. కళ్లలో పసరు పిండితే నల్లగుడ్డు మీద పుండ్లు పడతాయి, వాతలు పెడితే చీము పడుతుంది. మీ అత్తగారితో వాదన వద్దు. ‘ఐఎన్ఆర్ రిపోర్టు వచ్చేదాకా ఆగుదాం అత్తయ్యా’ అనండి, వచ్చాక డాక్టరు చేతే చెప్పించండి. మెడికల్ షాపులో ఇచ్చే లివర్ టానిక్‌లు కూడా ఈ వైరస్‌ను త్వరగా పంపవు.

చప్పిడి పథ్యం ఇవాళ్టితో ఆపండి. కడుపులో నీరు చేరినవాళ్లకే ఉప్పు తగ్గిస్తారు. మీ వారికి అసలే ఆకలి లేదు, చప్పిడి కూడు పెడితే ఉన్న నాలుగు ముద్దలూ తినరు. ఇడ్లీ, పెరుగన్నం, పప్పు, ఉడికించిన గుడ్డు, అరటిపండు, ఏది సహిస్తే అది, కొంచెం కొంచెంగా రోజుకు ఐదారుసార్లు. వికారం పొద్దున తక్కువగా ఉంటుంది కాబట్టి ఎక్కువ తిండి అప్పుడే పెట్టండి. వేపుళ్లు వెగటుగా ఉంటే మానొచ్చు, కూరలో నూనె మానక్కర్లేదు. బండి మీద చెరకు రసం మాత్రం వద్దు. ఆ గ్లాసు కడిగిన నీళ్లు, ఆ ఐసు నుంచే ఈ జబ్బు వచ్చి ఉండవచ్చు. జ్వరానికి పారాసిటమాల్ రోజు మొత్తంలో 2 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు, మించకూడదు. అదీ డాక్టరును అడిగే వేయండి. ఒళ్లునొప్పుల మాత్రలు వద్దు. మద్యం చుక్క కూడా వద్దు, రిపోర్టులు మామూలయ్యాక కూడా కొన్ని నెలలు. టీబీ మాత్రలు వాడుతుంటే ఆ సంగతి ఇవాళే డాక్టరుకు చెప్పండి, అవి కూడా ఇలాగే చేయగలవు.

కోలుకునేటప్పుడు ముందు ఆకలి వస్తుంది, తర్వాత మూత్రం తెల్లబడుతుంది, కళ్లు అన్నిటికన్నా ఆఖరున. కొంత బిలిరుబిన్ రక్తంలోని ఆల్బుమిన్‌కు అతుక్కుని వారాల తరబడి ఉండిపోతుంది. ఒళ్లంతా దురద, తెల్లటి విరేచనం ఉంటే స్కానింగ్‌లో పైత్యనాళం చూడాలి. యాభై దాటినవాళ్లకు నొప్పి లేకుండా కామెర్లు వచ్చి బరువు తగ్గుతుంటే నాళంలో గడ్డ అడ్డుపడిందేమో చూడకుండా వదలకూడదు.

ఇంట్లో మిగతావాళ్లు: వైరస్ మీ వారి మలంలో ఉంటుంది. హెపటైటిస్ ఎ అయితే కళ్లు పచ్చబడటానికి రెండు వారాల ముందు నుంచి పచ్చబడ్డాక సుమారు వారం దాకా, ఇ అయితే ఇంకా ఎక్కువ రోజులు. ముట్టుకుంటే, పక్కన కూర్చుంటే రాదు. మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక ఆయన, బాబును ఎత్తుకునే ముందు అందరూ సబ్బుతో చేతులు కడగాలి. శానిటైజర్ ఈ వైరస్‌ల మీద సరిగా పనిచేయదు. మరుగుదొడ్డి గిన్నెకు, కుళాయి పిడికి, తలుపు గొళ్లేనికి లీటరు నీళ్లలో 15 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి రోజూ తుడవండి. తాగే నీళ్లు బాగా తెర్లించి కనీసం ఒక నిమిషం అలాగే మరగనిచ్చి, మూత పెట్టి చల్లార్చండి. హెపటైటిస్ ఎ అని తేలితే మిగతావాళ్లకు టీకా, వైరస్ తగిలిన రెండు వారాల్లోపు వేయిస్తే పనిచేస్తుంది.

మీ వారికి హెపటైటిస్ బి అని తేలితే మీరు పరీక్ష చేయించుకుని, మీకు వైరస్ లేకుంటే 0, 1, 6 నెలల్లో టీకా మూడు డోసులు వేయించుకోవాలి. మీ ఆడపడుచు గర్భిణి కార్డులో హెచ్‌బీఎస్‌ఏజీ రిజల్టు, బాబు కార్డులో పుట్టిన 24 గంటల్లోపు వేసే హెపటైటిస్ బి డోసు నమోదై ఉన్నాయో చూడండి.

మీ వీధిలో ఇంకెవరికైనా కళ్లు పచ్చబడితే ఆశా కార్యకర్తకు, పంచాయతీకి చెప్పండి, తాగునీటి పైపు ఎక్కడో మురుగు కాలువలో పగిలి ఉండవచ్చు. అదే నీళ్లు తాగే గర్భిణులు ఎవరున్నారో కూడా చెప్పండి. హెపటైటిస్ ఇ ఏడో నెల దాటినవాళ్లకు వస్తే నూటికి ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. వాళ్లకు కళ్లు పచ్చబడితే ఇంట్లో ఒక్క రోజు కూడా ఉంచకుండా ఆసుపత్రిలో చేర్పించాలి.